అరలక్క ఇచ్చేసిన తెల్లకాగితం

ఆ నిఘంటువు ఆఫీసులో ఆమెను పేరు పెట్టి పిలిచినవాళ్ళు లేరు. అందరికీ అరలక్కే. గోడ పొడుగునా ఇనుప బీరువాలు, బీరువాల నిండా చిన్న చిన్న అరలు, అరల నిండా కార్డులు. ఏ కార్డు ఏ అరలోకి వెళ్ళాలో చూసి పెట్టడం ఆమె ఉద్యోగం. ఆ భాషలేవీ ఆమెకు రావు. రానక్కర్లేదని చేరిన రోజునే చెప్పారు. కార్డు మూల మూడక్షరాలుంటాయి, అర మీదా మూడక్షరాలుంటాయి. రెండూ ఒకేలా ఉంటే లోపల పెట్టేయడమే. పసుపు కార్డు అరబ్బీ, నీలం కార్డు హీబ్రూ, తక్కిన రంగులు వాటి అక్కచెల్లెళ్ళవి.

పని సుళువే. చిక్కల్లా అరలక్క బుర్రతోనే. కార్డు కింద మన మాటల్లో అర్థం రాసి ఉంటుంది కదా, దాన్ని చదవకుండా ఉండలేదు. చదివి ఊరుకుంటే పోయేది, ఆలోచించేది కూడా. ఒకరోజు ఒక అర లాగి, అందులో ఉన్నవి చదివి, కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివి, అర అలాగే చేత్తో పట్టుకుని సంపాదకుడి గదిలోకి వెళ్ళింది. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

"అయ్యగారూ, ఎవరో కార్డులు కలగాపులగం చేసేశారండీ. రొట్టె, మాంసం, యుద్ధం ఒకే అరలో ఉన్నాయి."

పెద్దాయన నవ్వారు. "ఎవరూ చెయ్యలేదమ్మా. ఆ అర అంతే. ఈ భాషలన్నీ ఒక తల్లి పిల్లలు. మాటకి వేరు అంటే మూడు హల్లులు. ఇక్కడ ల, హ, మ. మధ్యలో అచ్చులు మారుస్తూ, అవసరమైతే ముందో అక్షరం తగిలిస్తూ మాటలు పుట్టిస్తారు. వేరు మారదు, అర్థం మాత్రం ఎక్కడ కాపురం పెడితే అక్కడి నీళ్ళు వంటబట్టించుకుంటుంది. మొదట్లో కడుపు నింపే తిండి అనే అర్థం ఉండి ఉండొచ్చు. పొలాలున్నవాళ్ళకి అది రొట్టె అయిందట, హీబ్రూలో లెహెమ్. మందలున్నవాళ్ళకి మాంసం అయిందట, అరబ్బీలో లహ్మ్."

"మరి యుద్ధమండీ?"

"మిల్హామా, అదీ హీబ్రూయే. అక్కడే ఉంది తిరకాసు. అది ఈ వేరుకి పుట్టిందో, అచ్చం ఇలాగే ఉన్న ఇంకో వేరుకి పుట్టిందో తేల్చలేక పండితులు జుట్లు పీక్కుంటున్నారు."

"అంటే మీకూ తెలీదన్నమాట."

"తెలీదమ్మా!" అన్నారాయన, పిల్లాడు పుట్టాడన్నంత సంతోషంగా. తెలియకపోతే అంత సంబరమెందుకో అరలక్కకు అంతుపట్టలేదు. ఒక తల్లి పిల్లలట. ఒకరు రొట్టె దగ్గర, ఒకరు యుద్ధం దగ్గర తేలారట. అయినా ఒకే అరలో ఉండాలట. ఇంటికి వెళ్ళే దారంతా ఆ మాటే బుర్రలో గిరగిరా తిరిగింది.

తిరగదూ మరి! తోడబుట్టినవాడు ఆమెకూ ఉన్నాడు, ఒక్కడే తమ్ముడు. వెల్డింగు షాపు నడుపుతాడు. తల్లి పోయినప్పుడు అరలక్క కబురు పంపింది, కానీ పాత షాపుకు పంపింది. వాడు అప్పటికే షాపు మార్చాడు. అన్నీ అయిపోయాక వచ్చి గుమ్మంలో నిలబడి, "నువ్వు చెప్పలేదు" అన్నాడు. "నువ్వు రాలేదు" అంది ఈమె. రెండూ నిజమే. ఆ రెండు మాటల తర్వాత మూడో మాట లేదు.

అలాంటిది, బీరువా కాలు విరిగి ఒరిగిపోతే ఆఫీసు గుమాస్తా ఎవరినో వెల్డరును పిలిపించాడు. అరలక్క వెళ్ళి తలుపు తీసింది. తమ్ముడు! గుమాస్తాకు ఏం తెలుసు పాపం. వాడు తల వంచుకుని బీరువాను వరండాలోకి ఈడ్చుకుపోయాడు. ఈమె తల వంచుకుని అరలన్నీ నేల మీద పేర్చుకుంది. వాడు చెవి వెనక పెన్సిలు దోపుకోవడం చిన్నప్పటి అలవాటు, ఇంకా పోలేదు. అది చూసి ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండింది. ఏది ముందొచ్చిందో ఆమెకే తెలీదు.

బీరువా నిలబడింది, అరలు లోపలికెళ్ళాయి. నేల మీద ఒక తెల్లకాగితం ముక్క మిగిలింది. మూల, అరల మీది అక్షరాల పోలికే లేకుండా, కోడి కెలికినట్టు మూడు గీతలు, కింద "అతుకు వేయడం, టంకం పెట్టడం" అని. కార్డులకు రంగులుంటాయి, దీనికి లేదు. రాసిందేమో అతుకు గురించి. చిన్నప్పుడు వాడి లెక్కల పుస్తకం నిండా ఇలాంటి గీతలే. వాడిదే, పడేసుకున్నాడు అనుకుంది. చేతికివ్వాలంటే మాట్లాడాలి. వాడు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు, కాగితాన్ని వాడి పనిముట్ల పెట్టెలో పెట్టేసి వచ్చింది.

కొన్నాళ్ళకు పెద్దాయన ఆ ల, హ, మ వేరు మీద వ్యాసం రాయడానికి కూర్చున్నారు. సాయంత్రానికి పేజీలు అచ్చుకు వెళ్ళాలి. అర బోర్లించారు, బల్ల కింద చూశారు, కోటు జేబులు తిరగేశారు.

"ఇంకోటి ఉండాలమ్మా. పసుపు కార్డులు అయిపోతే తెల్లకాగితం మీద రాశాను. ఏ పుస్తకంలో చూసి రాశానో దాన్ని కూడా తిరిగి పంపేశాను. అది లేకపోతే రొట్టె ఒక ఒడ్డున, యుద్ధం ఒక ఒడ్డున ఉండిపోతాయి." కుర్చీలో కూలబడ్డారు. "అసలు రాశానా? రాశాననుకుంటున్నానా? మొన్న తాళాలూ ఇలాగే... నాకు మతి పోతోందేమోనమ్మా."

తెల్లకాగితం అనగానే అరలక్కకు తమ్ముడి పనిముట్ల పెట్టె గుర్తొచ్చింది. నోరు మూసుకుంటే ఎవరికీ తెలీదు. కానీ ఆ మనిషి తన బుర్రను తానే అనుమానించుకుంటూ కూర్చున్నాడు, దానికి కారణం తను. నిజం చెప్పాలంటే ముందు తమ్ముడి గడప తొక్కాలి. "మీరు రాశారండీ, నేను చూశాను. తెస్తాను," అని చెప్పులేసుకుని బయటపడింది.

షాపులో తమ్ముడు గేటు కమ్మీలు కోస్తున్నాడు. ఆమెను చూసి మిషను ఆపేశాడు. గుడ్డతో స్టూలు తుడిచాడు, తుడిచిందే మళ్ళీ తుడిచాడు.

"రా అక్కా, కూర్చో. నీ కాగితం చూశాను. ఆ రోజే రావాల్సింది. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలీలేదు."

"ఏ కాగితంరా?" అంది ఆమె అయోమయంగా.

స్విచ్చి బోర్డు పక్కన గోడ మేకుకు గుచ్చి ఉంది తెల్లకాగితం. కానీ ఆమె చూసిన వైపు కాదు. వెనక వైపు. అటు వైపూ రాత ఉందని ఆమెకు తెలీనే తెలీదు.

"గాయం పూడడం. చుట్టరికం."

"ముందు అతుకు వేయడం అని, తిప్పితే ఇది," అన్నాడు తమ్ముడు. "నేనైతే ఎన్ని పేజీలు రాసినా ఇంత చెప్పలేనక్కా. అటు వైపు మూలనున్న గీతలేంటో మాత్రం అర్థం కాలేదు."

"అవి నాకూ అర్థం కావురా."

"రాత నీది కాదు కదా. ఎవరిచేత రాయించావు?"

ఇది నిఘంటువు కాగితం, పొరపాటున నీ పెట్టెలో పడింది అనాలి అరలక్క. అంటే వాడి మొహం ఏమవుతుందో ఆమెకు తెలుసు. అబద్ధమాడటం చేతకాదు.

"రాసింది మా పెద్దాయన. నీ పెట్టెలో పెట్టింది నేను," అంది. అందులో అబద్ధం లేదు. "దీనితో మా ఆఫీసులో పనుందిరా. నకలు రాసుకుంటాను, పెన్సిలివ్వు."

వాడు చెవి వెనక నుంచి తీసిచ్చాడు. కాగితం రెండు వైపులా తిప్పి రాసుకుంది, తెలియని ఆ మూడక్షరాలనూ వంకర పోకుండా బొమ్మ గీసినట్టు గీసుకుంది.

పెద్దాయన నకలు అందుకుని, "రాశానన్నమాట!" అని ఊపిరి పీల్చుకున్నారు. తర్వాత కళ్ళకు దగ్గరగా పెట్టుకున్నారు. "ఇది నా రాత కాదే?"

"మీ రాత పనిలో ఉందండీ," అని మొదలుపెట్టి జరిగిందంతా చెప్పేసింది. ఆయన కోప్పడతారనుకుంది. ఆయన కాగితం కేసి చూస్తూ, "ఒకదానికొకటి దగ్గరగా అంటుకోవడం," అని గొణుక్కున్నారు. "కలబడ్డవాళ్ళూ అంత దగ్గరికే వస్తారు. యుద్ధం ఇటు నుంచి వచ్చిందేమో. కావచ్చు అనే రాస్తాను."

పోట్లాటకూ అతుకుకూ ఒకే వేరెలా ఉంటుందో అరలక్కకు బోధపడలేదు. తల ఊపి వచ్చేసింది.

ఆ సాయంత్రం తమ్ముడు ఇంటికి వచ్చాడు. వచ్చి కూర్చున్నాడో లేదో తల్లి మాట వచ్చింది. "నువ్వు చెప్పలేదు" అన్నాడు వాడు. "నువ్వు రాలేదు" అంది ఈమె. గొంతులు లేచాయి, ఇద్దరూ ఏడ్చారు, పాతవన్నీ తవ్వుకున్నారు. ఏది పోట్లాటో ఏది ఓదార్పో ఆమెకు తెలియకుండా పోయింది. అంతా అయ్యాక తలుపు వైపు చూసింది, వెళ్ళిపోతాడేమోనని.

వాడు వెళ్ళలేదు. కంచాలెక్కడున్నాయని అడిగాడు.