ఎర్ర పిన్ను, తెల్ల పిన్ను

పక్కింటి మావయ్య పోయారన్న కబురు నాకు గుడివాడలో, ఆఫీసులో ఉండగా, మా చర్చి సంఘం వాట్సాప్ గ్రూపులో వచ్చింది. ఆయన ఫొటో చుట్టూ గులాబీలు మెరుస్తున్నాయి, రెండు పావురాలు అటూ ఇటూ ఎగురుతున్నాయి, వెనకాల కీబోర్డు మీద వాయించిన ఏడుపుగొట్టు సంగీతం ఒకటి. చూడగానే నాకు దుఃఖం రాలేదు, ఒళ్లు మండింది. ఆ సంగీతం ఆయన చెవిన పడితే "ఛీ, ఆపండర్రా" అని ఫోన్ బోర్లా పడేసేవారు. దుఃఖం తర్వాత వచ్చింది, బందరు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక.

మావయ్య అంటున్నాను గానీ మాకు చుట్టరికం ఏమీ లేదు. బందరులో మా ఇంటికీ వాళ్లింటికీ మధ్య ఒక ప్రహరీ గోడ, అంతే. కాలేజీలో లెక్చరరుగా చేసి రిటైరయ్యారు. చాలాకాలం మా చర్చి క్వయర్ నడిపారు, నాకు పాట నేర్పింది కూడా ఆయనే. కానీ ఆయన దగ్గర నేర్చుకున్నవాటిలో పాట కంటే గట్టిగా నాలో నిలిచిపోయింది అసహ్యించుకోవడం. పోయిన మనిషిని తలుచుకుంటూ ఇదేం మాట అనుకోకండి. చెడ్డ చప్పుడును మొహమాటం లేకుండా చెడ్డదని చెప్పి, లేచి అవతలికి వెళ్లిపోయే మనిషిని నేను ఆయన తర్వాత ఇంకొకరిని చూడలేదు. అందుకు ఆయనకు రుణపడి ఉన్నాను.

ఒకసారి దివిసీమలో, నాగాయలంక దగ్గర ఒక పెళ్లికి అందరం వ్యానులో వెళ్లాం. పందిట్లో మనిషెత్తు సౌండ్ బాక్సులు వరసగా పేర్చి ఉన్నాయి. పక్కవాళ్ల మాట వినాలంటే చెవిలో నోరు పెట్టాల్సి వచ్చింది. మావయ్య పెళ్లికొడుకును, పెళ్లికూతుర్ని దీవించి, నేరుగా వచ్చి వ్యానులో కూర్చున్నారు. ఆయన భార్య, మా అత్తయ్య, ప్లేటులో అన్నం పట్టుకుని వచ్చి బతిమాలింది.

"నలుగురూ ఏమనుకుంటారండీ? వచ్చి పంక్తిలో కూర్చోండి."

"ఆ మోతలో పప్పేదో పులుసేదో కూడా తెలీదే. ఇలా ఇవ్వు, ఇక్కడే తింటాను" అన్నారు.

వాళ్లింట్లో ముందు గది ఆయనది. ఒక యాంప్లిఫయరు, క్యాసెట్ డెక్కు, సీడీ ప్లేయరు, రెండు స్పీకర్లు, వాటికి ఎదురుగా సరిగ్గా మధ్యలో ఒక పేము కుర్చీ. బందరు ఉప్పుగాలికి వైర్ల పిన్నులకు పచ్చగా చిలుము పట్టేది. శనివారం సాయంత్రం వాటిని ఊడదీసి పెన్సిలు రబ్బరుతో మెరిసేదాకా రుద్దేవారు. ఎర్ర పిన్ను కుడి స్పీకరుకు, తెల్ల పిన్ను ఎడమ స్పీకరుకు. ఈ సంగతి తెలియని మనిషి ఆ గదిలో ఏ వస్తువునూ ముట్టుకోవడానికి వీల్లేదు.

టీవీ సౌండు కూడా ఆ స్పీకర్లలోనే వినేవారు. పాత టీవీ పాడై కొత్తది కొన్నప్పుడు నేనూ తోడు వెళ్లాను. ఆ టీవీ వెనక ఎర్ర పిన్నుకూ తెల్ల పిన్నుకూ చోటే లేదు. ఆప్టికల్ అని చిన్న చదరపు కన్నం, అందులోంచి ఎర్రటి వెలుగు. షాపాయన మమ్మల్ని వదల్లేదు.

"అంతా డిజిటల్ చేసేసుకోండి సార్. ఆ పాత వైర్లు పారెయ్యండి. క్లారిటీ అదిరిపోద్ది."

"మా క్యాసెట్ డెక్కులో డిజిటల్ ఎక్కడుందయ్యా?"

"దానికో కన్వర్టర్ పెట్టుకోండి సార్."

"పెట్టుకుంటే యాంప్లిఫయర్లో మళ్లీ వెనక్కి మార్చాలిగా?"

"అది అదే మార్చుకుంటది సార్."

"పాలల్లో నీళ్లు పొయ్యడం, మళ్లీ ఇగరబెట్టడం. ఆ పాలేవో ఉన్నవి ఉన్నట్టు తాగితే పోలా?" అన్నారు మావయ్య ముఖం చిట్లించి.

ఇంతమాత్రానికి ఆయన డిజిటల్ అంటే పడని చాదస్తుడని అనుకోకండి. ఆ కన్నంలో పెట్టే ఆప్టికల్ వైర్లు రెండు అక్కడే కొన్నారు. యాంప్లిఫయరుకు రెండు రకాల చోట్లూ ఉన్నాయి కాబట్టి టీవీనీ సీడీ ప్లేయరునూ వాటి మీదికి మార్చేశారు. "ఈ వెలుతురు తీగకి చిలుము పట్టదే అమ్మాయ్, ఉప్పుగాలి దీన్నేం చెయ్యలేదు" అని పిల్లాడిలా సంబరపడ్డారు. క్యాసెట్ డెక్కును మాత్రం ఎర్ర తెల్ల వైర్ల మీదే ఉంచారు. డిజిటల్‌గా, అంటే అంకెలుగా వచ్చే పాటను అంకెలుగానే యాంప్లిఫయరు దాకా పంపాలి, టేపు మీద పుట్టిన పాటను మామూలు వైరు మీదే పంపాలి, దారిలో ఎంత తక్కువసార్లు వేషం మారిస్తే అంత మేలు. ఇదీ ఆయన లెక్క. షాపుల్లో బంగారు పూత వైర్ల గురించి చెప్పేవాళ్లు ఇంత చిన్న మాట ఎందుకు చెప్పరో నాకిప్పటికీ అర్థం కాదు.

ఆ డెక్కును అంత పట్టుగా ఉంచుకోవడానికి కారణం ఒక క్యాసెట్. మా చర్చిలో ఎడమవైపు ఆడవాళ్లు, కుడివైపు మగవాళ్లు కూర్చుంటారు, క్వయర్ కూడా అలాగే నిలబడుతుంది. మావయ్యకూ అత్తయ్యకూ పెళ్లయిన కొత్తలో, ఆడవాళ్ల నోటి దగ్గర ఒక మైకు, మగవాళ్ల నోటి దగ్గర ఒక మైకు పెట్టి ఒక పాట రికార్డు చేశారు. పేము కుర్చీలో కూర్చుని వింటే చర్చి మధ్య నడవలో నిలబడినట్టే ఉంటుంది. అత్తయ్య ఎడమ స్పీకర్లో, ఆయన కుడి స్పీకర్లో. మూడో చరణం ఆయన ఒక్కరే పాడతారు.

భూస్థాపన అయిపోయింది. అత్తయ్య కంట తడి పెట్టలేదు. ఎవరేం పెడితే అది తింటూ, ఎటు కూర్చోమంటే అటు కూర్చుంటూ ఉంది. పోయినవాళ్లను తలుచుకుని ప్రార్థన చేసే ఆదరణ కూడిక రోజు పొద్దున మాత్రం నా చెయ్యి పట్టుకుంది. "ఇవాళ కూడికలో మీ మావయ్య పాట పెట్టించవే. నాకింకేం వద్దు. ఆయన గొంతు ఒక్కసారి వింటే చాలు."

డెక్కు కోసం ఆ ముందు గదిలోకి వెళ్లాను. బంధువుల పరుపులు, విప్పిన ప్యాంట్లు, సగం తిన్న ప్లేట్లు. స్పీకర్ల మీద తడి తువ్వాళ్లు ఆరేశారు. పేము కుర్చీలో ఎవరిదో సూట్‌కేసు. ఆయన పోయి వారమైనా కాలేదు.

ఆయన అల్లుడు నన్ను ఆపాడు. "ఆ డొక్కు ఎందుకు సిస్టర్? టేపంతా ఎప్పుడో ఫోన్లోకి ఎక్కించా. బ్లూటూత్‌లో కలిపేద్దాం. ఒరిజినల్ కంటే క్లియర్‌గా ఉంటది."

ఇంటి ముందు షామియానా వేశారు. ఎడమవైపు ఆడవాళ్ల కుర్చీలు, కుడివైపు మగవాళ్లవి, అటొక బాక్సు, ఇటొక బాక్సు. పాస్టరు అయ్యగారి ప్రసంగం ఎకోలో తేలుతూ ఒక్కో మాట మూడేసి సార్లు వినబడింది. తర్వాత ఫోన్లోంచి పాట మొదలైంది. స్పీకరు ముందు ఫోన్ పట్టుకుని రికార్డు చేసినట్టున్నాడు మహానుభావుడు. పాటంతా ముద్దయిపోయి, ఎవరు ఆడో ఎవరు మగో తెలియకుండా ఉంది. మధ్యలో కుక్కర్ విజిల్ కూత. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అత్తయ్య తల వంచుకుంది. నాకు ఆ ఫోన్ మీద, ఆ నవ్వు మీద, తీరిగ్గా వేలితో సౌండ్ పెంచుతున్న ఆ అల్లుడి మీద పుట్టిన అసహ్యం ఇంతా అంతా కాదు.

లేచి వెళ్లి ఆ పాట ఆపించాను. గదిలోంచి డెక్కునూ క్యాసెట్‌నూ వైర్లతో సహా మోసుకొచ్చి సౌండ్ సర్వీస్ ఆయన బల్ల మీద పెట్టాను. ఆయన ఒక వైరు తగిలించి బొటనవేలు ఎత్తి చూపించాడు. పాట మొదలైంది. ఆడవాళ్ల గొంతులు ఎంత తేటగా వచ్చాయంటే, అత్తయ్య ఉలిక్కిపడి తలెత్తింది, తన గొంతు తనకే వినబడి. మగవాళ్లు ఎక్కడో వీధి చివర పాడుతున్నట్టుంది. మూడో చరణం వచ్చేసరికి రెండు బాక్సుల్లోనూ ఉత్త గాలి. అత్తయ్య అటూ ఇటూ చూసి, అందరికీ వినబడేలా అడిగింది.

"మీ మావయ్యేరే?"

నేను బల్ల దగ్గరికి పరుగెత్తాను. తెల్ల పిన్ను ఒక్కటే తగిలించి ఉంది, ఎర్రది బల్ల కిందికి వేలాడుతోంది.

"రెండోది పెట్టలేదేంటండీ?"

"రెండూ ఒకటేగా మేడమ్. మేం ఎప్పుడూ ఒకటే పెడతాం. రెండు బాక్సుల్లోనూ సౌండ్ వస్తందిగా, ఇంకేం కావాలి?"

"ఒకటి కాదండీ. తెల్లది ఆ ఆడవాళ్ల వైపు బాక్సుకి, ఎర్రది ఈ మగవాళ్ల వైపు బాక్సుకి విడివిడిగా ఇవ్వండి. ఆ ఎకో కూడా తీసెయ్యండి."

గొణుక్కుంటూనే ఎర్ర పిన్ను కూడా తగిలించి, బల్ల మీది మిక్సరు పెట్టెకున్న రెండు మరలు అటొకటి ఇటొకటి తిప్పాడు. నేను క్యాసెట్ వెనక్కి తిప్పాను. ఈసారి ఎడమ నుంచి ఆడవాళ్లు అందుకుంటే, కుడి నుంచి మగవాళ్లు బదులిచ్చారు. మూడో చరణంలో కుడి బాక్సులోంచి మావయ్య గొంతు వచ్చింది. వయసులో ఉన్న గొంతు, నేనెప్పుడూ చూడని మనిషిది.

అత్తయ్య లేచింది. కూతురు చెయ్యి పట్టుకోబోతే విడిపించుకుని, మధ్య నడవ దాటి మగవాళ్ల వైపు నడిచింది. పుట్టి బుద్ధెరిగాక ఆవిడ అటు కూర్చోవడం ఎవరూ చూసి ఉండరు. సంఘ పెద్ద ఒకాయన గబుక్కున లేచి కుర్చీ ఖాళీ చేశారు. ఆవిడ ఆ బాక్సుకు ఎదురుగా కూర్చుని, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వాళ్లంతా చూస్తుండగానే వెక్కివెక్కి ఏడ్చింది. నాలుగో చరణంలో ఎడమ నుంచి ఆడవాళ్లు అందుకున్నారు. అత్తయ్య చెంగు తీసేసి తనూ అందుకుంది, మగవాళ్ల వరసలో కూర్చునే.