లిబరేటర్ కట్టిన చలికాలం

మొన్న శనివారం మిల్టన్‌లో మా ఇంటికి దగ్గర్లోని బొమ్మ విమానాల దుకాణం మూసేస్తున్నారని తెలిసి, కొనేదేమీ లేకపోయినా లోపలికి వెళ్ళాను. సగం ఖాళీ అయిన అరల మధ్య, మూత మీద నాలుగు ఇంజిన్ల లిబరేటర్ బాంబర్ బొమ్మ ఉన్న అట్టపెట్టె ఒకటి కనిపించింది. దాన్ని చేతిలోకి తీసుకున్నానో లేదో, ముప్ఫై ఏళ్ళ కిందటి బ్రాంప్టన్ బేస్‌మెంటూ, అందులో మేం ముగ్గురం కొద్దిలో చావు తప్పించుకున్న చలికాలమూ కళ్ళ ముందుకొచ్చి, పెట్టెను ఎక్కడిదక్కడ పెట్టేసి బయటికొచ్చేశాను.

మన ఈడువాళ్ళలో ఈ దేశంలో కాపురం బేస్‌మెంట్‌లో మొదలుపెట్టనివాళ్ళు తక్కువ కాబట్టి, ఆ ఇల్లు ఎలా ఉండేదో మీకు వేరే చెప్పనక్కర్లేదు. మా ఆవిడకు అప్పుడు అయిదో నెల. అత్తగారు అప్పటికే పోయారు, అందుకని కూతురికి తోడుగా మామగారే వచ్చారు. ఆయన ఎయిర్‌ఫోర్స్‌లో మెకానిక్‌గా చేసి రిటైరైన మనిషి, మాట తక్కువ. పైన ఉండే ఇంటివాళ్ళు చలికాలమంతా ఇండియాలో గడపడానికి వెళ్ళిపోవడంతో అంత ఇంట్లో మేం ముగ్గురమే మిగిలాం. నేను పొద్దున్నే వేర్‌హౌస్‌కి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాణ్ణి కాబట్టి, నిజానికి పగలంతా వాళ్ళిద్దరే.

ఆయనకు పొద్దుపోవడం లేదని ఒక ఆదివారం, ముక్కలు అంటించి కట్టుకునే బొమ్మ విమానాల కొట్టుకు తీసుకెళ్ళాను. కొట్టతను లాంకాస్టర్ అనే బాంబర్ చూపించి, రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఇవి మన పక్కనే మాల్టన్‌లో తయారయ్యేవని గర్వంగా చెప్పాడు. మామగారు మర్యాదగా విన్నారు, హాలిఫాక్స్ అనే ఇంకో బాంబర్ పెట్టె కూడా తిప్పి చూశారు, చివరికి లిబరేటర్ దగ్గర ఆగిపోయారు. అదే కొన్నాం. యుద్ధం అయ్యాక ఇండియాలో వదిలేసిన ఆ విమానాలను బాగుచేసి చాలా ఏళ్ళు నడిపారనీ, ఇరవై ఏళ్ళ వయసులో తాను చేతులు నల్లబడేలా పనిచేసింది వాటి మీదేననీ దారిలో చెప్పారు. దాని పొట్టలో పెట్రోలు ఆవిరి చేరుతుందట, అందుకని నడిపేవాళ్ళు బాంబులు జారవిడిచే తలుపుల్ని కాస్త తెరిచిపెట్టుకునే ఎగిరేవారట.

పడకగదికి రంగు, జిగురు వాసన రాకూడదని, ఇంటిని వెచ్చబరిచే గ్యాస్ ఫర్నేస్ గది పక్కన ఆయనకో బల్ల వేశాను. ప్రతి ముక్కా కత్తిరించి, ఆకురాయితో గీకి, జిగురు లేకుండా ఒకసారి అమర్చి చూసుకుని, అప్పుడు అంటించేవారు. ఈ విమానం తోక మీద చతికిలబడుతుందని ముందే తెలిసి ముక్కులో చేపల గాలాలకు కట్టే సీసపు గుండ్లు పెట్టారు. రంగు డబ్బా తెరిచినప్పుడల్లా పైకప్పుకు దగ్గరగా ఉన్న చిన్న కిటికీని జానెడు తెరిచేవారు. ఆ చలి ఇల్లంతా పాకుతోందని నేను లోలోపల విసుక్కునేవాణ్ణి.

జనవరి చివర్లో అన్నీ ఒక్కొక్కటిగా మొదలయ్యాయి. తగ్గిపోయాయనుకున్న వాంతులు మా ఆవిడకు మళ్ళీ పట్టుకున్నాయి. మామగారు సాయంత్రమయ్యేసరికి కణతలు నొక్కుకుంటూ కూర్చునేవారు. ఒకరోజు చూస్తే ఒక ప్రొపెల్లర్‌ను వెనక్కి తిప్పి అంటించారు. దాన్ని ఊడదీసి, నేను చూస్తుండగానే, మళ్ళీ అలాగే అంటించారు. అంత నేర్పరి చెయ్యి అలా తప్పడం అంతకుముందెన్నడూ చూడలేదు. పగలంతా బయట ఉండే నాకు మాత్రం ఏమీ లేదు. ఇద్దరినీ పాడుచేస్తున్నది ఆ రంగుల వాసనేనని తేల్చేసుకుని, పుట్టబోయే బిడ్డ పేరు చెప్పి మామగారిని ఆ పని ఆపేయమన్నాను. మాట మెత్తనిదే అయినా అది ఆజ్ఞేనని మా ఇద్దరికీ తెలుసు. ఆయన డబ్బాల మూతలు బిగించారు. నేను కిటికీ మూసి, గాలి చొరబడకుండా దాని చుట్టూ ప్లాస్టిక్ షీటు టేపుతో అంటించి, మంచి పని చేశాననుకున్నాను.

ఆ తర్వాత మా ఆవిడ పగలంతా మంచం దిగడం మానేసింది. మామగారు అన్నం తింటూ తింటూ కంచం ముందే కునికేవారు. ఫ్లూ అయివుంటుందని మందులు తెచ్చాను. అయిదో రోజు ఆదివారం, పొద్దుటినుంచీ మంచు తుఫాను, ఎక్కడికీ కదలడానికి లేదు. మధ్యాహ్నానికి నా తల కూడా బిగించి కట్టినట్టు నొప్పి మొదలైంది. టీ పెట్టబోయి ఎందుకు లేచానో మర్చిపోయి స్టవ్ ముందు నిలబడ్డాను. మామగారు గోడ పట్టుకుంటూ వచ్చారు.

"బాబూ, రంగు డబ్బా తెరిచి అయిదు రోజులైంది. నాకు నొప్పి తగ్గలేదు సరికదా, ఇవాళ మీకూ వచ్చింది."

ఫ్లూ అంటుకుని ఉంటుందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు.

"ఇది వాసన వల్ల వచ్చింది కాదు. షెడ్డు తలుపులేసి ఇంజిన్ నడిపితే వచ్చే నొప్పి. నాకు తెలుసు. అమ్మాయిని బయటికి తీసుకెళ్ళండి."

ఆ మంచులోకి, కడుపుతో ఉన్న మనిషినా అని నేనింకా తటపటాయిస్తూనే ఉన్నాను. ఆయన నాకోసం ఆగలేదు. టేపు పీకబోతే వేళ్ళకు పట్టు చిక్కలేదు. వంటింట్లోని ఇనప పెనం తెచ్చి ప్లాస్టిక్ మీదుగానే కిటికీ అద్దం పగలగొట్టారు. ఆ చప్పుడుకు కూడా మా ఆవిడ లేవకపోయేసరికి నాకు స్పృహ వచ్చినట్టయింది. దుప్పటి చుట్టి మోసుకుంటూ మెట్లెక్కి వీధిలోకి తెచ్చాను. చలి తగిలాక కళ్ళు తెరిచి, మొట్టమొదట అడిగింది ఒకటే.

"నాన్న ఏరీ?"

ఆయన మా వెనక లేరు. ఎదురింటివాళ్ళు పరిగెత్తుకొచ్చి ఆమెను పట్టుకుంటే మళ్ళీ కిందికి దిగాను. ఫర్నేస్ ఆపడానికి వెళ్ళి, స్విచ్ నొక్కి, దాని పక్కనే పడిపోయి ఉన్నారు. ఆయన్ని చంకల కింద పట్టుకుని మెట్ల మీద ఈడ్చుకొచ్చిన ఆ రెండు నిమిషాలు ఇప్పటికీ నన్ను వదల్లేదు.

ఎదురింటివాళ్ళు ఫోన్ చేస్తే ఫైరింజన్‌వాళ్ళు వచ్చి, గాలిలో విషవాయువును కొలిచే మీటరుతో లోపలికి వెళ్ళారు. పొగగొట్టం లోపల ఇటుకలు కూలి, పైన మంచు గడ్డకట్టి, ఫర్నేస్ వదిలే కార్బన్ మోనాక్సైడ్ అంతా ఇంట్లోకే తిరిగొస్తోందని చెప్పారు. దానికి రంగు లేదు, వాసన లేదు. ఇంకొక్క రాత్రి అక్కడ పడుకుని ఉంటే ముగ్గురూ లేచేవారు కాదని వాళ్ళలో పెద్దాయన నా భుజం మీద చెయ్యివేసి అన్నాడు. అప్పుడు నాకు అర్థమైంది, అంతకుముందు మమ్మల్ని బతికించింది రంగుల కోసం ఆయన తెరిచిన ఆ జానెడు కిటికీ. దాన్ని మూసింది నేను.

ఆస్పత్రిలో బిడ్డ గుండె చప్పుడు వినిపించారు. అయినా అమ్మాయి పుట్టి, నడిచి, మాటలు నేర్చేదాకా మా ఇద్దరికీ భయం తీరలేదు. దానికేమీ కాలేదు. మామగారి చేతులకు మాత్రం వణుకు ఉండిపోయింది, చిన్న ముక్కలు ఇక పట్టుకోలేకపోయారు. వేసవిలో ఆయన్ని ఎయిర్‌పోర్టుకు తీసుకెళ్ళినప్పుడు, కిటికీ సంగతి ఎత్తి క్షమించమని అడగబోతే, పెట్టె బరువు ఎక్కువైందేమోనని మాట మార్చేశారు. ఆ తర్వాత బతికున్నన్నాళ్ళూ ఆ ఊసెత్తలేదు, నన్ను ఎత్తనివ్వలేదు. ఆయన పోయిన చాలా ఏళ్ళకు మా ఆవిడ ఒకసారి, నాన్నకున్న పని అదొక్కటే కదా, ఆపించొద్దని ఆ రోజు నేను మీకు చెప్పాల్సింది, అంది.

ఇప్పుడు ప్రతి ఇంటి పైకప్పుకూ ఆ విషవాయువును పసిగట్టి అరిచే పరికరం ఉంది, మంచిదే. నా వయసు ఆనాటి మామగారి వయసును దాటింది. మా అమ్మాయి నా మంచికోరే మంచు ఎత్తే పార తీసుకెళ్ళిపోయింది, హైవే మీద డ్రైవింగ్ మాన్పించింది. నేను తెలుగులో గొణిగితే ఇంగ్లీషులో నచ్చచెబుతుంది, నేను ఒప్పుకుంటాను. చాలాసార్లు తన మాటే నిజం కూడా. కానీ ఎప్పుడైనా తను పొరబడితే, నా ఒంట్లో నొప్పి నాకు తెలుసునని గోడ పట్టుకుని లేచి చెప్పగలనా అని ఆలోచిస్తే, ఆయనకున్నంత నమ్మకం నాకు నా మీద లేదనే అనిపిస్తుంది.