రేకు కింద దారం

ఈరోజు పొద్దున్న ఆత్రేయపురం నుంచి ఒకతను వచ్చాడు. కొబ్బరికాయలు ఒలిచే పని చేస్తాడు. కుడి చెయ్యి పట్టు తప్పుతోందనీ, మెడలో నరం నొక్కుకుందని ఎవరో చెప్పారనీ అన్నాడు. ఎక్స్‌రే కవరుతో పాటు పేపర్లో చుట్టిన పొట్లం ఒకటి నా టేబుల్ మీద పెట్టి, "డాక్టరమ్మ గారి దగ్గరికి ఉత్త చేతులతో ఎలా వెళ్తావని మా ఆవిడ ఇచ్చిందండి" అన్నాడు. అతన్ని లోపల బల్ల మీద పడుకోమని చెప్పి పొట్లం విప్పాను. తీపి పెట్టని ఉత్త పూతరేకులు. పై రేకు మీద వేలు ఆనించగానే సన్నగా చిటపటమంది. కుండ మీద కాలిన బియ్యప్పిండి వాసన వచ్చింది. పాలకొల్లులో నా క్లినిక్‌లోనే ఉన్నాను గానీ, వేలు మాత్రం రాజమండ్రిలో మాస్టారి మేడ మీద హాల్లోకి వెళ్లిపోయింది.

మాస్టారి పేరు రత్నం గారు. ఫిజియోథెరపిస్టు. నాకు కాలేజీలో పాఠాలు చెప్పినవారు కాదు. పట్టా చేతికొచ్చి ఉద్యోగాల్లో కుదురుకున్న మాలాంటి వాళ్లకి నెలకో ఆదివారం తన ఇంటి మేడ మీద చేత్తో చేసే వైద్యం నేర్పేవారు. మా దగ్గరికి వచ్చేవాళ్లు ఇప్పటికీ "కరెంటు పెట్టించుకోవాలండి" అనే అడుగుతారు. మిషన్ తగిలించి పెట్టేవాళ్లం. అంతకుమించి మాకు వచ్చింది తక్కువే. నేను పొద్దున్నే బస్సెక్కి రాజమండ్రి వెళ్లడానికి విద్య మీద ప్రేమ కూడా కారణం కాదు. నా చేతి కింద ఎవరికీ తగ్గడం లేదు. పట్టా ఫ్రేము కట్టించి గోడకి తగిలించాను గానీ, దాని కింద కూర్చోవాలంటే సిగ్గేసేది.

మొదటి రోజు ఆయన మాకు ఎముకా చూపించలేదు, కండా చూపించలేదు. పళ్లెంలో రేకులు దొంతరగా పేర్చి, మధ్యలో ఎక్కడో ఒక దారపు పోగు పెట్టి, "దారం ఎక్కడుందో చెప్పండి. రేకు మాత్రం చిరగకూడదు" అన్నారు. నేను వేలు పెట్టి వెతికాను. రేకు ముక్కలైంది. ఇంకాస్త జాగ్రత్తగా వెతికాను. ఇంకోటి పోయింది.

"నొక్కితే ఏం తెలుస్తుందండి సుజాత గారూ? మీ బలం మీకు తెలుస్తుంది, అంతే" అన్నారు.

"మరేం చెయ్యాలండి?"

"ఏం చెయ్యకండి. చెయ్యి అలా ఉంచండి. దారమే చెప్తుంది."

మాకంటే ఇరవై ముప్పై ఏళ్లు పెద్దయినా అందరినీ గారు అనే పిలిచేవారు. మేము విరిచిన రేకుల్లో బెల్లం తురుమూ నెయ్యీ వేసి, వాళ్లావిడ కాంతం గారు మధ్యాహ్నం మాకే పెట్టేవారు. ఎక్కువ విరిచినవాళ్లకి ఎక్కువ వడ్డించమని మాస్టారు ఆట పట్టించేవారు. చాలా నెలలు నేను కడుపు నిండా తిన్నాను. ఒకరోజు దారం దొరికింది, రేకు చిరగలేదు. ఆ తర్వాత నా క్లినిక్‌లో నడుము పట్టేసినవాళ్లు లేచి నడవడం మొదలైంది.

ఆయన దగ్గర ఒక నియమం ఉండేది. మేము ఒకరి తర్వాత ఒకరం బల్ల మీద పడుకుని ఒకరి ఒంటి మీద ఒకరం నేర్చుకునేవాళ్లం. ఆఖరున మాస్టారు తానే పడుకుని మా చేతులు పరీక్షించేవారు. చేతికి ఏది తెలిసినా ముందు బల్ల మీద ఉన్న మనిషికే చెప్పాలి. "పక్కవాళ్లకి కాదు, బయట కూర్చున్న చుట్టాలకి కాదు. ఆ ఒళ్లు ఎవరిదో వాళ్లకి చెప్పండి. మరీ అరచేతిలో వైకుంఠం చూపించకండి. ఆ చేత్తో చెయ్యాల్సిన పని వేరే ఉంది" అనేవారు. విన్నప్పుడు బాగుందనిపించింది. అంత క్రూరమైన నియమం ఇంకోటి ఉండదని అప్పటికి తెలియదు.

కొన్నాళ్లకి పాఠం మధ్యలో ఆయన చేతిలోంచి సుద్దముక్క జారిపోవడం మొదలైంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ తగ్గి గుంట పడింది. "ఇన్నేళ్లు అందరి మెడలూ వంచాను. ఇప్పుడు నా మెడ పగ తీర్చుకుంటోంది" అని నవ్వారు. మెడలో నరం నొక్కుకుంటే చెయ్యి అలా నీరసపడటం మాకు రోజూ కనిపించేదే. ఆయన మెడే అని తేల్చుకున్నారు, మేమూ తలలూపాం. రోజంతా మెడలు చూసేవాళ్లకి లోకమంతా మెడలాగే కనిపిస్తుంది కాబోలు. ఆ నెల నుంచి మా పాఠానికి రోగి ఆయనే. వంతులవారీగా ఆయన మెడ పట్టాం. "తేలికైందండి" అనేవారు ప్రతిసారీ. "మీ అందరి చేతులూ పడ్డాక కాస్త నిద్ర పడుతోందమ్మా ఆయనకి" అని కాంతం గారు మజ్జిగ గ్లాసులు అందించేవారు. సుద్ద జారడం మాత్రం ఆగలేదు. మాకు అది కనబడుతూనే ఉంది, తేలికైందన్న మాట ఒక్కటే వినబడింది.

ఒక వేసవి ఆదివారం మోకాలి పాఠం. మాస్టారు బల్ల మీద వెల్లకిలా పడుకున్నారు. నా వంతు వచ్చి, మోకాలి చిప్పకి పైన తొడ మీద చెయ్యి ఉంచాను. నొక్కలేదు, కదపలేదు. కాసేపటికి చర్మం కింద ఏదో అదిరింది. ఆగింది. కొంచెం పక్కన మళ్లీ అదిరింది. ఆయన కాలు కదపడం లేదు. రేకు కింద దారమైనా కదలకుండా ఉంటుంది, ఇది ఉండటం లేదు.

"ఏం తెలిసిందండి?" అన్నారు మాస్టారు.

నేను పక్కనున్నవాళ్ల వైపు చూశాను.

"నియమం మర్చిపోయారా?"

"కండ అదురుతోందండి మాస్టారూ."

"రెండో కాలు చూడండి."

చూశాను. అక్కడా అదే.

ఆయన కప్పు వైపు చూస్తూ, పాఠంలో ప్రశ్న అడిగినట్టే అడిగారు. "మెడ నరానికి తొడతో పనేంటండి?"

జవాబు తెలియనివాళ్లు ఎవరూ లేరక్కడ. కండలని కదిపే నరాలు ఒకదాని తర్వాత ఒకటి చచ్చిపోయే జబ్బు ఒకటుంది. మనిషికి స్పర్శ పోదు, కదలికే పోతుంది. చేతులు, కాళ్లు, మాట, మింగడం, ఆఖరికి ఊపిరి. దాన్ని వెనక్కి తిప్పే మందు లేదు. తర్వాత విశాఖపట్నంలో రకరకాల పరీక్షలు చేసి అదే జబ్బని చెప్పారు. ఆ రోజు మాస్టారు లేచి కూర్చుని, చొక్కా సర్దుకుని, "బాగా పట్టుకున్నారు సుజాత గారూ" అన్నారు. నా పని గురించి నాకు దొరికిన మెప్పుల్లో అంత పెద్దది మరొకటి లేదు. అది నాకు వద్దు.

ఆయన పాఠాలు ఆపలేదు. "దీని గురించి పుస్తకంలో అర పేజీ ఉంటుందండి. మీకు మనిషే దొరికాడు, నేర్చుకోండి" అన్నారు. పట్టు వదిలేసిన భుజాన్ని లాగకుండా ఎలా ఎత్తాలో, దగ్గే ఓపిక లేనివాడి పక్కటెముకల మీద చేతులు వేసి ఏ క్షణంలో ఒత్తి కఫం బయటికి తెప్పించాలో తన ఒంటి మీదే నేర్పించారు. ఒకటి నేర్చుకునేలోపు దానితో పని లేకుండా పోయేది, జబ్బు ఇంకో మెట్టు దిగేది. ఏటికి ఎదురీదడం అంటారే, ఈదేవాడికి కనీసం ఒడ్డు ఉంటుంది. మా వాళ్లు ఒక్కొక్కరే మానేశారు. కొందరు చూడలేక మానేశారు. కొందరు ఫోన్లో కోర్సుల్లో చేరారు. తెర మీద ఎవరి చేతులో ఎవరి వీపు మీదో కదులుతుంటే చూస్తే చాలు, సర్టిఫికెట్టు వస్తుంది. వాళ్లని తిట్టుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది. చివరికి నేనొక్కదాన్నే వెళ్లేదాన్ని. బస్సు దిగి ఆ మెట్లెక్కుతుంటే, ఈసారి ఏది పోయిందో అన్న భయం తప్ప ఇంకేమీ ఉండేది కాదు.

ఒకసారి వెళ్లేసరికి కాంతం గారు పళ్లెంలో రేకులు పేర్చి ఉంచారు. అప్పటికి మాస్టారి మాట ముద్దగా అయిపోయింది, ఆవిడకి తప్ప ఎవరికీ అర్థమయ్యేది కాదు. "దారం పెట్టమన్నారమ్మా. నువ్వు చెయ్యి పట్టుకోవాలట" అన్నారు. ఆయన కుడి చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. ఒకప్పుడు ఎంత బరువైన చెయ్యో. దాని వేళ్లు రేకు మీద ఆనించి మెల్లగా జరిపాను. ఆయన కళ్లు మూసుకున్నారు. ఒకచోట కళ్లు తెరిచారు. రేకులు ఎత్తి చూస్తే దారం సరిగ్గా అక్కడే ఉంది. చోటు మార్చి పెట్టాం. మళ్లీ దారం ఉన్నచోటే తెరిచారు. ఒక్క రేకూ చిరగలేదు. నాకు ఏడుపొచ్చింది, సంతోషం కూడా వచ్చింది, అది సంతోషపడే సమయం కాదని తెలిసి కూడా.

ఆయన ఏదో అన్నారు. కాంతం గారు వంగి విని, నా వైపు తిరిగారు. "'చేతికి అన్నీ తెలుస్తున్నాయి, ఏమీ చెయ్యలేకపోతోంది' అంటున్నారమ్మా" అన్నారు. పళ్లెం తీసుకుని లోపలికి వెళ్లిపోయారు. ఆ రోజు రేకుల్లో ఎవరూ బెల్లం వెయ్యలేదు. వానలకి గోదావరికి ఎర్రనీరు రాకముందే మాస్టారు పోయారు.

పెద్దకర్మ రోజు ఎవరో, ఆయన ఎక్కడికీ పోలేదు, శిష్యుల చేతుల్లో ఉన్నారు అన్నారు. అలాంటి మాటలు ఇంటికొచ్చినవాళ్లు అనాలి కాబట్టి అంటారు. నా చేతుల్లో ఆయన లేరు. ఆయన చేతికి ఆఖర్న మిగిలిందేదో అది ఉంది. అన్నీ తెలియడం. అప్పటి నుంచి మెడ బాధ, చేతి నీరసం అంటూ ఎవరొచ్చినా తొడ మీద కూడా ఒకసారి చెయ్యి ఉంచుతాను. "మెడకి తొడెందుకండీ?" అని అడుగుతారు. "మా మాస్టారి అలవాటండి" అంటాను. ఏమీ తగలకూడదని లోలోపల దణ్ణం పెట్టుకుంటాను. ఇన్నాళ్లూ ఏమీ తగల్లేదు.

ఇవాళ పొట్లం మూసి లోపలికి వెళ్లాను. ఆత్రేయపురం అతను బుద్ధిగా పడుకుని ఉన్నాడు. మెడ చూశాను, చెయ్యి చూశాను. బొటనవేలి పక్కన గుంట చూశాను. ఫ్యాను ఆపి, తొడ మీద చెయ్యి ఉంచి ఆగాను. కాసేపటికి అదిరింది. పక్కన మళ్లీ అదిరింది. రెండో తొడ మీద ఉంచాను. మెడకి కాస్త కరెంటు పెట్టి పంపేస్తే చాలు, తేలికైందండి అంటూ ఇంటికి వెళ్తాడు. ఇవాళ్టికి వాళ్లావిడ సంతోషంగా ఉంటుంది.

"ఏంటండీ, ఏమన్నా తెలిసిందాండి?" అన్నాడు.

రెండో చేత్తో కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చున్నాను. అతని మీద ఉన్న చెయ్యి తియ్యలేదు.

"తెలిసిందండి" అన్నాను.