నూట అరవై ఐదు అంగుళాలు

సింగపూర్‌లో మా బిషాన్ బ్లాకులో కింది అంతస్తు తమిళావిడ ఆదివారం పొద్దున దుప్పట్లకు గంజి పెడుతుంది. తడి గుడ్డను వెదురు గడకు గుచ్చి కిటికీ బయటికి చాపగానే, పులిసీ పులియని ఆ అన్నపు వాసన మా వంటింట్లోకి ఎక్కి వస్తుంది. అది ముక్కుకు తగిలితే చాలు, నేనో గుడ్డ కొస పట్టుకుని మోకాళ్ల మీద కూర్చున్నట్టు ఉంటుంది. రెండో కొస దేవదానం అంకుల్ చేతిలో ఉంటుంది. ఆయన లేకుండా పోయి పదకొండేళ్లు దాటింది. గుడ్డ మాత్రం నా వేళ్ల మధ్య ఇంకా బిగువుగానే ఉంది.

రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లు తేదీలు తప్పు చదువుతాయని ప్రపంచమంతా కంగారుపడుతున్న రోజుల్లో నేను సింగపూర్ వచ్చాను. ఇంటర్‌లో లెక్కలు తప్పి, ఆ తర్వాత అవే లెక్కల్ని పాత పుస్తకాలు ముందేసుకుని సొంతంగా నేర్చుకున్నవాణ్ణి. డిగ్రీ లేదు. పాత ప్రోగ్రాముల్లో తేదీ ఎక్కడెక్కడ ఉందో వరసగా చూసి గుర్తు పెట్టడం నా ఉద్యోగం. క్లెమెంటిలో తెలుగువాళ్లు ఒక గది అద్దెకు ఇస్తున్నారని విని వెళ్లాను. తలుపు తీసే ఉంది. హాలు ఈ గోడ నుంచి వంటింటి గడప దాకా నేల మీద ఒక పొడవాటి గుడ్డ పరిచి ఉంది. దాని మీద వెలిసిపోయిన గోధుమరంగులో ఒక మనిషి ఆకారం ముందు వైపు, వెనక వైపు, తలకు తల ఆనించినట్టు అచ్చై ఉంది. దాని పక్కన మోకాళ్ల మీద ఉన్న పెద్దాయన, ఆయనే దేవదానం అంకుల్, నా పేరైనా అడక్కుండా, "ఆ కొస పట్టుకో బాబూ" అన్నారు. పట్టుకున్నాను. ముడతలు పోతాయని కాస్త బిగించాను.

"లాగకు. గుడ్డను లాగితే నీకు కావలసిన కొలతే చెబుతుంది" అన్నారాయన.

కొలిచి, రాసుకుని, అప్పుడు అడిగారు ఏం చేస్తుంటావని. తేదీల సంగతి చెప్పాను. "అయితే ఎదుటివాడి తప్పులు వెతికే పని. నాదీ అదేనయ్యా. గది చూడక్కర్లేదు, సామాను తెచ్చుకో" అన్నారు. ఆయన గుంటూరు జిల్లాలో ముతక గుడ్డ నేసే క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. చిన్నప్పుడే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి, పెద్దయ్యాక ఈ దేశం వచ్చి, ఒక బట్టల కంపెనీకి వచ్చే తానుల్ని పరీక్షించే పనిలో ముప్పై ఏళ్లు గడిపారు. ఒక్క పోగు తప్పినా తాను వెనక్కి వెళ్లేదట. రిటైరయ్యాక ఆ కళ్లన్నీ ఒకే గుడ్డ మీద పెట్టారు. క్రీస్తు దేహాన్ని సిలువ మీద నుంచి దించి చుట్టిన వస్త్రం ఇదేనని చాలామంది నమ్మే నారగుడ్డ ఒకటి ఇటలీలో, టూరిన్ నగరంలో ఉంది. నేల మీద నేను చూసింది దాని నకలు. అసలంత కొలతలోనే నూలు గుడ్డ మీద అచ్చు వేసి అమ్మితే యూరప్ నుంచి పోస్టులో తెప్పించుకున్నారు.

ఆయన దగ్గర పొడవాటి నోటుబుక్కు ఒకటి ఉండేది. ప్రతి పేజీలో మూడు గళ్లు: చూసింది, చదివింది, అనుకున్నది. భూతద్దంతో ఫోటోల్లో లెక్కపెట్టిన పోగులు, చేప వెన్నెముకలా సాగే ఆ నేత తీరు మొదటి గడిలో ఉండేవి. శాస్త్రజ్ఞులు ఆ గుడ్డ మూల ఒక ముక్క కోసి పరీక్షించి అది మధ్యయుగాల నాటిదని తేల్చడం, కొందరు దాన్ని ఒప్పుకోకపోవడం రెండో గడిలో ఉండేవి. నచ్చని మాటను కూడా ఆయన చిన్న అక్షరాలతో రాసేవారు కాదు. శనివారాలు లైబ్రరీకి నన్ను వెంటబెట్టుకు వెళ్లేవారు. ఆ గుడ్డ గురించి గట్టి ఆధారం మొదట కనబడేది ఫ్రాన్సులో, పద్నాలుగో శతాబ్దంలో. అంతకు ముందు పదమూడు వందల ఏళ్లు అదెక్కడుందో కథలున్నాయి గానీ రుజువు లేదు. ఆ కాలానికి ఆయన నోటుబుక్కులో రెండు పేజీలు ఖాళీగా వదిలారు. ఏదో ఒకటి రాయొచ్చు కదా అన్నాను ఒకసారి. మగ్గం మీద పోగు తెగితే తెగిందని ముడి వేసి ఒప్పుకోవాలే గానీ రంగు పూసి దాచకూడదని చెప్పారు. డిగ్రీ లేనివాణ్ణని ఆఫీసులో నోరు మెదపని నేను, ఆ ఖాళీ పేజీల దగ్గర ధైర్యం నేర్చుకున్నాను. తెలియదు అని రాయగలిగినవాడు తెలిసినదాన్ని గట్టిగా చెప్పగలడు.

మొదటి గడిలో ఒక అంకె చుట్టూ ఎర్ర సిరాతో గీత ఉండేది. నకలు పొడవు నూట అరవై ఐదు అంగుళాలు. పాతకాలం ఈజిప్టులో వాడిన పెద్ద మూర ఇరవైన్నర అంగుళాల పైన ఒక్క పిసరు. భాగిస్తే సరిగ్గా ఎనిమిది మూరలు. బేరానికి నేసే గుడ్డను ఏ నేతగాడైనా నిండు మూరలకే తెంపుతాడు కాబట్టి ఈ గుడ్డ ఆ ప్రాంతంలో, ఆ మూరతోనే పుట్టిందని ఆయన వాదన. వెడల్పు కాస్త తేడాగా వస్తే అంచు కుట్టు మీద తోసేశారు. తొమ్మిదేళ్ల పనిలో ఆయన గర్వపడింది ఆ ఒక్క అంకెకే. ఈస్టరు ముందు శనివారం తెలుగు ప్రార్థన సంఘంలో దాని మీదే ప్రసంగం పెట్టుకున్నారు. నూట ఇరవై కరపత్రాలు కాపీ తీయించి, లెక్క ఒకసారి సరిచూడమని నాకిచ్చారు.

భాగహారం సరిగ్గానే ఉంది. అలవాటు కొద్దీ, పుస్తకాల్లో ఇచ్చిన పొడవులన్నీ ఒక కాగితం మీద దింపాను. ఏడు పుస్తకాలు, ఏ రెండూ కలవవు. అందుకే అంకుల్ వాటిని నమ్మలేదు, తన టేపునే నమ్మారు. కానీ ఆ ఏడూ మా నూట అరవై ఐదుకన్నా పెద్దవే. కొలతల్లో తప్పులు అటు కొన్ని, ఇటు కొన్ని పడతాయి. అన్నీ ఒకే వైపు పడితే దానికి ఏదో కారణం ఉంటుంది. ఆ కారణం మా గుడ్డలో ఉంటే, ఆయన అందరి ముందు నిలబడి "నేను చూశాను" అని చెప్పబోయేది అబద్ధమవుతుంది. రెండు రోజులు చెప్పలేకపోయాను. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయన. గురువారం సాయంత్రం కాగితం తీసి చూపించాను.

ఆయనకు కోపం వచ్చింది. పుస్తకాలు రాసినవాళ్లలో ఎందరు టేపు పట్టారో చెప్పమన్నారు. ఏడు అంకెల కిందా ఆయన వేలు మెల్లగా జరుగుతూ పోయింది. లేచి గుడ్డ తెచ్చి పరిచారు. మళ్లీ నేనో కొస, ఆయనో కొస. లాగలేదు. నూట అరవై ఐదే.

అంకుల్ భార్య శాంతమ్మ ఆంటీ వంటింటి గడప దగ్గరకొచ్చి నిలబడింది. "మకాన్ టైమైంది, అన్నం చల్లారిపోతోంది, లేవండి ఇద్దరూ. ఎన్నిసార్లు కొలిస్తే అంత పెరుగుద్దా ఏంటి అది?"

"పెరగాలి ఆంటీ. ఐదారు అంగుళాలు తక్కువొస్తోంది" అన్నాను.

"రాదా మరి? వచ్చిన రోజే ఉతికి గంజి పెట్టా కదా. కొత్త గుడ్డ, ఒకటే సిరా కంపు. ఉతక్కుండా ప్రార్థన గదిలో పెడతామా?"

గుడ్డ పోస్టులో వచ్చిన ఆ రోజు అంకుల్ లైబ్రరీ నుంచి ఇంటికొచ్చేసరికి అది ఆరి, మడతలో ఉంది. మడత విప్పి కొలిచారు. మొదటి ఉతుకులో నూలు కురచవుతుందని ఆయనకు తెలియక కాదు. ఆ ఒక్క కారణంతో ఎన్ని తానులు తిప్పి పంపారో. పవిత్రమైన వస్తువని ఆయన, కొత్త గుడ్డ అని ఆవిడ, చెరో కన్నుతో చూశారు.

"ఊళ్లోవాళ్ల తానులన్నీ తిప్పి పంపిన పెద్దమనిషి" అంది ఆంటీ, "ఇంట్లో గుడ్డ కురచైతే కనిపెట్టలేదు."

"ఇన్నేళ్లలో ఒక్కసారన్నా చెప్పలేదేమే?"

"అడిగారా?"

అంకుల్ గుడ్డ అంచు మీద చెయ్యి పెట్టారు. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. మరుసటి రోజు శుభశుక్రవారం. ఆరాధన నుంచి వచ్చాక ఇద్దరం కూర్చుని నూట ఇరవై కాపీల్లోనూ ఆ పేరా చేత్తో కొట్టేశాం. కొత్తవి తీయిద్దామంటే ఒప్పుకోలేదు, కొట్టివేత కనబడాలన్నారు.

శనివారం హాలు నిండింది. ఆయన మొదటి మాటే అది: తొమ్మిదేళ్లు ఒక అంకెను నమ్మాను, అది మా ఇంటావిడ ఉతికిన గుడ్డ అంకె. అందరూ నవ్వారు, ఆయనా నవ్వారు. తర్వాత గంటసేపు నేత గురించి, ఖాళీ పేజీల గురించి ఆయన మాట్లాడిన తీరులో తడబాటు లేదు. చివర ఒకావిడ లేచి, ఇంతకీ ఆ గుడ్డ నిజమైనదా కాదా అంకుల్ అని అడిగింది.

"నేను నేతగాణ్ణమ్మా. నేత ఎలాంటిదో చెప్పగలను. దాంట్లో ఎవరిని చుట్టారో నాకు తెలియదు. క్రీస్తు తిరిగి లేచాడని, సమాధి ఖాళీ అని రేపు ఆదివారం పాడతాం చూడు, అది నేను టేపు పట్టుకుని నమ్మలేదు" అన్నారు. ఆ తర్వాత వెనక వరసలో ఉన్న నన్ను చూపించి, తప్పు పట్టింది ఈయన, మా లెక్కల మాస్టారు గారు అన్నారు. నాకు గారు అన్న మాట అంతకు ముందు ఎవరూ తగిలించలేదు. సోమవారం ఆఫీసులో, డిగ్రీలున్నవాళ్ల మీటింగులో, మొదటిసారి చెయ్యెత్తి వాళ్ల పట్టికలో తప్పు చూపించాను.

అంకుల్ పోయాక ఆంటీ ఆ నోటుబుక్కు నాకిచ్చింది. ఎర్ర గీత ఉన్న పేజీ తీశాను. నూట అరవై ఐదు అంగుళాల నుంచి ఒక బాణం గీత బయలుదేరి, రెండో గడి దాటి, 'అనుకున్నది'లో దిగింది. పక్కన కారణం రాసి ఉంది, ఆయన చేతిరాతలోనే, మిగతా అక్షరాలంతే పెద్దగా: శాంతమ్మను అడగలేదు.

ఇప్పుడు నా కింద పద్నాలుగు మంది పనిచేస్తారు. ఎవరైనా అచ్చుగుద్దినట్టు సరిపోయిన అంకె తెచ్చి సంతకం పెట్టమంటే, ఈ గుడ్డ నీ కన్నా ముందు ఎవరి చేతిలో ఉందని అడుగుతాను. కొత్తవాళ్లకు అర్థం కాదు. పాతవాళ్లు వాళ్ల చెవిలో చెబుతారు: వెళ్లి శాంతమ్మ ఎవరో కనుక్కుని రా.