కామేశ్వరి చదివిన పేపరు

లక్ష్మీనరసింహం గారు పేపరు చదువుతుంటే వినాలనేవాళ్ళు ఆ ఊళ్ళో. పొద్దున ఎనిమిదింటికి లైబ్రరీ తలుపులు తీసి, బల్ల ముందు కూర్చుని, పేపరు విప్పి గొంతు సవరించుకునేసరికి అరుగు మీద పదిహేను ఇరవై మంది పోగయ్యేవాళ్ళు. ఢిల్లీలో ఏం జరిగిందో, గుంటూరు యార్డులో మిర్చి ఎంత పలికిందో, పత్తికి ఏ పురుగు తగులుకుందో, దానికి ఏ మందు కొట్టమన్నారో, అంతా ఆయన నోటి వెంటే ఊరికి తెలియాలి. ఆయన తడబడేవారు కాదు. ఒక్కోసారి పేపరు వంక చూడకుండానే నాలుగైదు వార్తలు గడగడా చదివేసేవారు. ఎంత ధారణండీ ఈయనకి అని ముక్కున వేలేసుకునేవాళ్ళు.

చూడకుండానే చదివేవారు మరి. ఆయనకు చిన్న అక్షరాలు ఆనక ఎనిమిదేళ్ళయింది.

ఈ సంగతి తెలిసిన మనిషి ఆ ఊళ్ళో ఒక్కతే, ఆయన భార్య కామేశ్వరి. నీటికాసులు, పోయిన చూపు పోయినట్టే, ఉన్నదైనా కాపాడుకోండని గుంటూరు కంటి డాక్టరు చెప్పినప్పుడు పక్కనున్నది ఆవిడే. మనుషులు ఆనుతారు, దారి ఆనుతుంది, పెద్ద హెడ్డింగులు కూడబలుక్కోవచ్చు. మిగతాదంతా చీమల బారు. ఆ మాట బయటికి పొక్కితే లైబ్రరీ ఉద్యోగం ఊడుతుంది. ఊడితే ఇద్దరికీ తిండి లేదు. చేను లేదు, చెట్టు లేదు, పెట్టే బిడ్డలు లేరు.

అందుకని ఇద్దరూ కలిసి ఒక ఏర్పాటు చేసుకున్నారు. చీరాల నుంచి మొదటి బస్సు అయిదున్నరకి వస్తుంది. కండక్టరు పేపరు కట్ట వాళ్ళ అరుగు మీదకే విసిరేస్తాడు. కామేశ్వరి పొన్నూరులో పుట్టింటి దగ్గర అయిదో తరగతి దాకా చదివింది. వంటింట్లో పీట వేసుకుని ఆవిడ ఒక్కో వాక్యం చదవడం, ఆయన ఎదురుగా బాసింపట్టు వేసుకుని రెండేసి సార్లు అనడం. చిన్నప్పుడు ఆయన ఆరేళ్ళు వేదం చెప్పుకున్నారు. అలా గురువు అన్నది తిరిగి అంటూ సంత చెప్పుకోవడం అలవాటైన నోరు కనక ఒకసారి పట్టిందంటే వదలదు. ఏడున్నరకల్లా పేపరు పేపరంతా కంఠస్థం. లైబ్రరీ రిజిస్టరు రాసేది కూడా కామేశ్వరే, ఆయన దస్తూరీలో. ఆడవాళ్ళకు ఇళ్ళకి పంపే వారపత్రికలు ఏవి ఎవరింటికో వరసగా పేర్చి సంచిలో పెట్టేదీ ఆవిడే. ఆయన ఆ వరస తప్పకుండా ఇంటింటికీ ఇచ్చి వచ్చేవారు. ఇంత చేసీ కామేశ్వరి ఏనాడూ ఆ లైబ్రరీ గడప తొక్కలేదు. ఆవిడకు చదువొచ్చునని కూడా ఊళ్ళో ఎవరికీ తెలియదు. తెలియకుండా జాగ్రత్తపడ్డారు ఇద్దరూ.

జాగ్రత్త పడక తప్పదు. రిటైరైన మాష్టారు రామచంద్రమూర్తి రోజూ లైబ్రరీ అరుగు మీదే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆ ఉద్యోగం మీద మాష్టారికి కన్నుంది, ఖాళీగా ఉన్న అల్లుడికి ఇప్పించుకోవాలని. "నరసింహం గారూ, ఈమధ్య కళ్ళజోడు మార్చారా?" అని నవ్వుతూ అడిగేవాడు. ఆ నవ్వు తలుచుకుంటే కామేశ్వరికి ఒళ్ళు మండిపోయేది. రెండేళ్ళు, ఇంకొక్క రెండేళ్ళు నెట్టుకొస్తే పింఛను వస్తుందని దేవుడికి దణ్ణం పెట్టుకునేది.

ఎనభై మూడులో, జూన్ నెలలో ఒక బుధవారం నాడు పదో తరగతి ఫలితాలు పేపర్లో పడ్డాయి. అంతకు ముందు ఏళ్ళలో పేపరు ఇంటికే వచ్చేది కనక కామేశ్వరి ఊరి పిల్లల నంబర్లన్నీ ముందే వెతికి చెప్పేసేది. ఈసారి కుర్రకారు ఆగలేదు. రోడ్డు మీదే బస్సును ఆపి కట్ట లాక్కుని, "పంతులు గారూ, తలుపు తియ్యండి" అని ఊరంతా లేపేశారు. సంత లేకుండా, వట్టి చేతులతో వెళ్ళారు లక్ష్మీనరసింహం గారు.

నిజానికి ఆయనకేం ఇబ్బంది రాలేదు. రైతుల పిల్లలందరూ లోపలికి తోసుకొచ్చి, బల్ల చుట్టూ మూగి, ఎవరి నంబరు వాళ్ళే చూసుకున్నారు. ఎగిరినవాళ్ళు ఎగిరారు, ఏడ్చినవాళ్ళు ఏడ్చారు. పావుగంటలో గది ఖాళీ. అప్పుడు మెట్ల కింద నిలబడి ఉన్న తోమా, "అయ్యగారూ" అని పిలిచాడు.

తోమా ఊరి చివర పల్లెలో ఉంటాడు, కూలిపని. పల్లెవాళ్ళెవరూ ఆ మెట్లెక్కరు. ఎక్కకూడదని బోర్డు లేదు. సర్కారు వారి లైబ్రరీ, అందరిదీ. అయినా ఎవరూ ఎక్కలేదు, ఎవరూ ఎక్కమనలేదు. అలా అందరి నంబర్లూ కళ్ళున్నవాళ్ళు చూసుకుంటే, మెట్లెక్కని ఆ ఒక్కడి నంబరూ కళ్ళు లేని మనిషి పాలబడింది.

"మా సంతోషకుమారిదండీ" అని నంబరు చెప్పాడు తోమా. చదువురాని మనిషి, కూతురు నేర్పితే నాలుగు రోజులుగా నోట్లో తిప్పుకుంటున్న నంబరు. "చీరాల మిషన్ ఆసుపత్రిలో నర్సు ట్రైనింగుకి తీసుకుంటామన్నారండీ. పాసయితే శనివారం సాయంత్రం లోపల పోయి పేరు రాయించాలండీ."

లక్ష్మీనరసింహం గారు వంగి, వేలు పెట్టి చీమల బారు వెంట పైనుంచి కిందికి వెళ్ళారు. మూర్తి మాష్టారు కుర్చీలోంచి అటే చూస్తున్నాడు.

"లేదు తోమా" అన్నారు.

తోమా సరేనండీ అని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆయన పేపరు సంచిలో పెట్టుకుని ఇంటికొచ్చి జరిగింది నంబరుతో సహా చెబితే, కామేశ్వరి చేతిలో గరిట పక్కన పెట్టి పేపరు లాక్కుంది. రెండు నిమిషాలు పట్టలేదు. ఆరువందల ముప్పై ఏడు చివరున్న నంబరు, సెకండు క్లాసు వరసలో, నిక్షేపంలా ఉంది.

"ఉందండీ. పాసయింది పిల్ల. లేదని ఎలా చెప్పారు?"

"కనబడలేదే. ఏం చెప్పను?"

"సాయంత్రం రమ్మనొచ్చుగా. ప్రెసిడెంటు గారబ్బాయి నంబరైతే అలా లేదనేసేవారా?"

ఆ ప్రశ్నకు జవాబు ఇద్దరికీ తెలుసు. పల్లెపిల్ల తప్పడంలో వింతేముందని ఆయన మనసు ముందే అనేసుకుంది, అందుకే అంత తేలిగ్గా వచ్చింది ఆ మాట నోటికి. మంచివాడే లక్ష్మీనరసింహం గారు, ఒకరి జోలికి పోయే మనిషి కాదు. ఆ మంచితనం ఆ పూట ఆ పిల్లకు ఎందుకూ పనికిరాలేదు.

"ఇప్పుడే వెళ్ళి చెప్పిరండి" అంది కామేశ్వరి.

"పొద్దున లేనిది మధ్యాహ్నం ఎక్కణ్ణించి వచ్చిందంటాడే మూర్తి. రేపు చెబుతాను. శనివారం దాకా టైముంది కదా."

గురువారం తోమా కనబడలేదన్నారు. శుక్రవారం మూర్తి మాష్టారు తలుపులు వేసేదాకా కదల్లేదన్నారు. శనివారం పొద్దున అడిగితే నీళ్ళు నమిలారు. కామేశ్వరికి అన్నం సహించలేదు. ఆయన భోంచేసి నడుం వాల్చగానే చెంగు కప్పుకుని పల్లె దారి పట్టింది. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆవిడ అటు వెళ్ళడం అదే మొదటిసారి. పేపరు పట్టుకెళదామంటే అది లైబ్రరీ బీరువాలో ఉంది, తాళం ఆయన మొలతాడుకు ఉంది.

తోమా కంగారుపడి మంచం దులిపాడు. ఆవిడ కూర్చోలేదు.

"తోమా, మీ అమ్మాయి నంబరుంది పేపర్లో. పాసయింది. వెంటనే చీరాల వెళ్ళి పేరు రాయించు. అమ్మాయేదీ?"

"గుంటూరు పోయిందమ్మా. బుధవారం మధ్యాహ్నమే మా పున్నమ్మక్క వాళ్ళ ముఠాతో పంపించేశా, మిరగాయల తొడిమలు తీసే పనికి. ఒకటే ఏడుపమ్మా, అన్నం ముట్టలా." తోమా తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఉందా అమ్మా? అయ్యగారు చెప్పమన్నారా?"

కామేశ్వరి తల అడ్డంగా ఊపింది.

"మరెవరు చెప్పారమ్మా?"

నేనే చదివాను అనాలి. రెండు మాటలు. ఎనిమిదేళ్ళు దాచిన నోరు కదా, పెగల్లేదు. "ఎవరు చెబితే ఏం? ఉంది. నా మాట విను" అంది.

"వింటానమ్మా. నాలుగున్నరకి బస్సుంది. నాలుగింటికి లైబ్రరీ తీస్తారుగా, అయ్యగారిని ఒక్క మాట అడిగి అటునుంచి అటే ఎక్కేస్తా. ఆసుపత్రోళ్ళ ముందు నంబరు తప్పని తేలితే తలకొట్టేసినట్టుంటది."

వద్దు, అడక్కుండా వెళ్ళు అని ఒకటికి రెండు సార్లు చెప్పింది. అంతకన్నా చెప్పలేకపోయింది. ఇంటికొచ్చి, నిద్ర లేచిన మొగుడికి జరిగింది చెప్పి, "తోమా వస్తాడు. ఉందని చెప్పండి చాలు. మీకు దణ్ణం పెడతాను" అంది. ఆయన చొక్కా తొడుక్కుంటూ ఊఁ అన్నారు.

నాలుగున్నర బస్సు హారను కొట్టుకుంటూ వెళ్ళిపోయింది. హమ్మయ్య, ఎక్కే ఉంటాడనుకుంది కామేశ్వరి. అయిదింటికి పెరటి తడిక దగ్గర అలికిడైతే వెళ్ళి చూసింది. తోమా.

"నువ్వు వెళ్ళలేదా?" అంది.

"లేదమ్మా. అయ్యగారిని అడిగాను. అమ్మగారు చెప్పారండీ నంబరుందని, అన్నాను. మూర్తి మాష్టారు గారు అక్కడే ఉన్నారు. అమ్మగారికి పేపరు చదవడం వచ్చేంటయ్యా నరసింహం గారూ అని నవ్వారు. అయ్యగారేమో, ఆవిడకేం తెలుసు తోమా, ఆవిడకు అక్షరం ముక్క రాదు, పిల్ల ఏడుస్తుందని విని జాలిపడి ఏదో చెప్పుంటుంది అన్నారు." తోమా తల వంచుకుని, ఆవిడనే ఓదారుస్తున్నట్టు అన్నాడు, "మీరేం బాధపడకండమ్మా. మాకోసం అంతదూరం నడిచొచ్చారు, అది చాలు."

ఆ సాయంత్రం కామేశ్వరి దీపం పెట్టలేదు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడితే, "ఆ మాట ఎలా వచ్చిందండీ మీ నోటికి" అంది. "మూర్తి పక్కనే ఉన్నాడే, నా మొహంలోకే చూస్తున్నాడు" అన్నారాయన. ఆ తరవాత ముసలివాళ్ళిద్దరూ ఆ చీకట్లోనే చెరో గోడకూ ఆనుకుని కూర్చున్నారు. ఆవిడ ఏడ్చింది. ఆయనా ఏడ్చినట్టే ఉంది.

ఆదివారం తెల్లవారుజామున కట్ట వచ్చి అరుగు మీద పడింది. చాలాసేపు దాన్ని తియ్యలేదు కామేశ్వరి. చదవనని మొండికేసి కూర్చుంటే ఏమవుతుందో అన్నీ ఆలోచించింది. ఆయన పీట వేసుకుని ఎదురుచూస్తున్నారు. చివరికి లేచి, తెచ్చి, చదివింది. ఎవరి మీద అసహ్యం వేసిందో చెప్పాలంటే, ఆయన మీద సగం, తన మీద సగం.

నెల తిరిగాక, వర్షం పడిన ఒక మధ్యాహ్నం తోమా మళ్ళీ పెరటి దారినే వచ్చాడు. చేతిలో మడతపెట్టిన కాయితం.

"బళ్ళోంచి మార్కుల కాయితం వచ్చిందమ్మా. పాసయిందంట, సెకండు క్లాసు. సీటు ఏదో ఊరి పిల్లకి ఇచ్చేశారంట, నిన్న పోయి కనుక్కున్నా. వచ్చే ఏడు ఇస్తామని గ్యారంటీ లేదన్నారు." కాయితం తడవకుండా జేబులో పెట్టుకున్నాడు. "పిల్ల ఇంకా గుంటూరులోనే ఉంది. చేతులు, కళ్ళు ఒకటే మంటలంట. అన్నంలో చెయ్యి పెట్టలేకపోతందని కబురు పంపింది."

కామేశ్వరి తడిక పట్టుకుని నిలబడింది. వెనక వంటింట్లో ఆయన అన్నం తింటున్న చప్పుడు ఆగిపోయింది.

"పేపరోళ్ళు మా నంబరు ఎగరగొట్టేశారమ్మా. అయ్యగారిని రెండుసార్లు అడిగా గదా, ఉంటే ఆయన చెప్పకపోతారా?" తోమా ఆవిడ ముఖంలోకి చూశాడు. "మరి పేపర్లో లేంది మీకెట్టా తెలిసిందమ్మా?"

చెప్పాలి. ఇప్పుడైనా చెప్పాలి. పిల్లకు సీటు ఎలాగూ రాదు, నిజమైనా దక్కనీ తండ్రికి. నోరు తెరిచింది కామేశ్వరి. లోపల కంచం ముందు కూర్చున్న మనిషి దగ్గాడు. సన్నగా, భయంభయంగా, ఒక్కసారి.

తోమాయే అందుకున్నాడు. "నాకు తెలుసులేమ్మా. నెలంతా ఆలోచించా. చదువు రాని మీకు నంబరు సంగతి ఎట్టా తెలుస్తుంది? ప్రభువే మీ చేత చెప్పించాడు. మీరు నడిచొచ్చి, అడక్కుండా పో అని రెండుసార్లు చెప్పారు. నేనే నమ్మలా. అడక్కుండా ఆ బస్సెక్కుంటే నా బిడ్డ ఈపాటికి తెల్లచీర కట్టుకునేది."

తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు తోమా.

"రేపు గుంటూరు పోయి తీసుకొస్తన్నా. ఎవరివల్ల పోయింది నాన్నా అని అడుగుద్దిగా పిల్ల. నావల్లేనని చెప్తానమ్మా. దేవుడు కబురంపితే మీ నాన్న నమ్మలేదు, నన్ను తిట్టుకో అని చెప్తా."

అతను కాసేపు ఆగాడు, ఆవిడ ఏమైనా అంటుందేమోనని.

"సరే తోమా" అంది కామేశ్వరి.