లుబోవ తిన్న కందనకాయ

ఆసుపత్రిలో రోజూ పొద్దున నర్సు వచ్చి, లుబోవ ఒక్క ఊపిరిలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలడో చూస్తుంది. సోమవారం పద్దెనిమిది. మంగళవారం పదమూడు. ఇవాళ తొమ్మిది దగ్గర ఆగిపోయాడు. మంచం పక్కన చాప మీద కూర్చున్న అతని భార్య నబులిమే, పదో అంకెను పెదవులతోనే అనుకుంది.

మసాకా సంతకు సైకిలు మీద అరటిగెలలు మోసిన కాళ్ళు అవి. ఇప్పుడు దుప్పటి కింద చెక్కల్లా పడి ఉన్నాయి. పాదాల్లో తిమ్మిరిగా మొదలైన జబ్బు నాలుగు రోజుల్లో రొమ్ముకెక్కింది.

డాక్టరు విడమరిచి చెప్పాడు. "ఒంట్లో క్రిముల్ని చంపే కాపలా కణాలుంటాయమ్మా. క్రిమిని చంపబోయి, దాని పోలికే ఉందని ఇతని నరాల మీద పడ్డాయి. అవెంత రెచ్చిపోతే ఒళ్ళు అంత పడిపోతుంది. అవి చల్లబడితే ఇతను లేస్తాడు. లెక్క ఇంకా దిగితే మాత్రం ఊపిరి మిషను పెట్టాలి. ఆ క్రిమి ఎక్కువగా కోడిమాంసంలోంచే వస్తుంది. ఈమధ్య ఉడకని కోడిమాంసం ఏమైనా తిన్నాడా?"

"లేదండీ," అంది నబులిమే.

అబద్ధం. మూడు వారాల కిందట మరుదులు, ఆడపడుచు చెప్పకుండా దిగారు. కోడిని కోసింది. కందనకాయ ఇంటాయనది, అది మొత్తంగా అతని కంచంలోకి రాకపోతే ఇల్లాలికి మర్యాద లేదు. కట్టెలేమో తడివి. ఆడపడుచు నకయిజా గుమ్మంలోంచే చురక అంటించింది: "వదినా, కోడిని వండుతున్నావా, పెంచుతున్నావా?"

వేలితో నొక్కితే కందనకాయ లోపల పచ్చిగా ఉందని తెలిసింది. అయినా అందరి ముందూ మోకాళ్ళ మీద కూర్చుని వడ్డించింది. ఆ వారంలోనే అతనికి విరేచనాలు పట్టుకున్నాయి.

డాక్టరు వెళ్ళాక మెల్లగా అంది. "ఏమయ్యా, ఆ రోజు కందనకాయ ఉడకలేదు. తెలిసే పెట్టాను."

లుబోవ పైకప్పుకేసి చూశాడు. "నాకూ తెలుసులేవే," అన్నాడు, మాటమాటకీ ఆగుతూ. "కొరకగానే... నెత్తురు తగిలింది. ఉమ్మేస్తే మా చెల్లెలు... నిన్ను బతకనిచ్చేదా?"

"మింగేశావా?"

"మింగేశా. ఉప్పు మాత్రం... బాగా పడింది."

ఆమెకు నవ్వు రాలేదు. తిట్టి ఉంటే తేలికయ్యేది. ఆమె పరువు కోసం మింగిన మనిషి, ఆ సంగతి చెప్పడానికి ఉన్న కాస్త ఊపిరీ వాడేశాడు.

మర్నాడు కూడా తొమ్మిదే వచ్చింది. "దిగలేదు, మంచిదే," అన్నాడు డాక్టరు.

నబులిమే అతని బూట్లకేసి చూస్తూ, "కోడి ఉడకలేదండీ. నేనే పెట్టాను," అంది.

డాక్టరు కాగితం మీద అది రాసుకుని పక్కమంచం దగ్గరికి వెళ్ళాడు.