ఆ గదిలో ఉన్నవి నాలుగు చేతులే

దయ్యాల మీద నాకు నమ్మకం లేదంటే సరిపోదు. నమ్మేవాళ్లంటే చిరాకు కూడా. పుంగనూరులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. క్లాసులో దయ్యం కథ ఎత్తిన పిల్లకు ఇంటిపని రెండింతలు ఇచ్చిన టీచర్ని. ఇది చదివితే ఆ పిల్లలు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

ముందు నా మొదటి కాన్పు గురించి చెప్పాలి. లేకపోతే తర్వాత నేనెందుకంత మొండికేశానో అర్థం కాదు.

అది మదనపల్లెలో ఒక నర్సింగ్‌హోంలో జరిగింది. ఆ రోజు గదిలో ఎంతమంది ఉన్నారో నాకు తెలియదు, అందరి చేతులూ నా మీదే. ఒకామె మోచేత్తో కడుపు మీద నొక్కింది. ఇంకొకామె కింద కోసింది. ఎవరో బిడ్డను లాగారు. ముక్కు, ముక్కు అని ఒకటే అరుపులు. పాప బాగానే పుట్టింది. నేనే బాగాలేను. కుట్లు చీము పట్టాయి. మూడు నెలలు ఒక పక్కకు ఒరిగి కూర్చున్నాను. బాత్రూముకు వెళ్లాలంటే ఏడుపొచ్చేది. అప్పట్లో సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడా సిగ్గు లేదు.

ఐదేళ్ల తర్వాత మళ్లీ నెల తప్పినప్పుడు సంతోషం కంటే ముందు భయం వచ్చింది. ఈసారి మా దగ్గరి ప్రభుత్వాసుపత్రికే వెళ్లాను. అక్కడ మంజుల అని ఒక సిస్టర్ ఉండేది. కాన్పుల కోసం ప్రత్యేకంగా ట్రైనింగ్ అయి వచ్చిన అమ్మాయి, ముప్పై కూడా ఉండవు.

ఆమె నాకు ఓపికగా వివరించింది. బిడ్డ తల బయటికి వచ్చేటప్పుడు కొందరు నర్సులు కింద చర్మం చీలకుండా అరచేత్తో అదిమి పట్టుకుంటారట. కొందరు ముట్టుకోకుండా పక్కనే నిలబడి, తల దానంతటదే మెల్లగా వచ్చేట్టు చూస్తారట. తను రెండోరకం పద్ధతిలోనే చేస్తానంది. "అవసరం పడితే మాత్రం చెయ్యేస్తాను మేడం" అంది.

ఆ అవసరం అన్న మాటే నాకు గిట్టలేదు. మొదటిసారి కోసినవాళ్లు కూడా అవసరమనే కోశారు. అవసరం పడినా సరే వెయ్యొద్దన్నాను. ఒట్టు వెయ్యమన్నాను. ఆ అమ్మాయి ఇబ్బందిగా నవ్వింది. నేను వదల్లేదు. పాపం, చివరికి ఒట్టేసింది. నాకప్పుడు గెలిచినట్టే అనిపించింది.

నొప్పులు మొదలై కాన్పు గదికి తీసుకెళ్లేసరికి మధ్యాహ్నం రెండు. పట్టపగలు అని ఎందుకు చెప్తున్నానంటే, వెలుతురు సరిగా లేదని ఎవరైనా అనుకోకూడదని. డాక్టరమ్మ థియేటర్‌లో వేరే ఆపరేషన్‌లో ఉంది. గదిలో మేం ముగ్గురమే. నేను, మంజుల, ఆయా రెడ్డెమ్మ. తలుపు లోపల గడియ వేసి ఉంది. మా ఆయన బయట బెంచీ మీద ఉన్నాడు.

పక్కకు తిరిగి పడుకోమని మంజుల రెండుసార్లు అడిగింది. నా వల్ల కాలేదు. కాళ్లు రెండూ ఎత్తి బల్లకున్న ఇనుప చట్రాల మీద పెట్టారు. ఎడమ చేతికి సెలైన్. కుడిచేత్తో బల్ల అంచు పట్టుకున్నాను. నా కడుపు అవతల ఏం జరుగుతోందో నాకు కనపడదు.

తల కిందికి దిగాక మంట మొదలైంది. నిప్పు కాదు, కారం కాదు, దేనితోనూ పోల్చలేను. మళ్లీ చీలిపోతానని తెలిసిపోయింది. దిగి వెళ్లిపోవాలనిపించింది. ఎక్కడికి వెళ్తాను? బిడ్డ వెనక్కి పోదు. నేను లేవలేను. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది, నాలుగు మైళ్లున్నా నాకు ఒకటే. అంత భయం నేను జన్మలో పడలేదు.

నా మొండితనం అంతా అక్కడ అయిపోయింది. "పట్టుకోండి, ఎవరన్నా పట్టుకోండి" అని అరిచాను. కళ్లు మూసుకునే అరిచాను.

అప్పుడు కింద ఒక అరచెయ్యి ఆనింది.

వెచ్చగా ఉంది. గ్లౌజు లేదు. గ్లౌజు వేసుకున్న చెయ్యి ఎలా జారుతుందో ఆ రోజు పొద్దుటి నుంచీ నాకు తెలుస్తూనే ఉంది, ఇది అలా లేదు. సరిగ్గా ఎక్కడ చీలుతుందని భయపడుతున్నానో అక్కడే అదిమి పట్టింది. ఇంకొకటి కూడా చెప్పాలి. ఆ చెయ్యి వణుకుతోంది. అలవాటున్న చెయ్యి కాదు. నాకంటే అదే ఎక్కువ భయపడుతోందనిపించింది. ఎందుకో దాంతో నా భయం తగ్గింది.

సిస్టర్ ఒట్టు తప్పినందుకు దండం పెట్టాలనుకుని కళ్లు తెరిచాను.

నా మోకాళ్ల మధ్య మంజుల నిలబడి ఉంది. గ్లౌజులు వేసుకున్న రెండు చేతులూ ఛాతీ దగ్గర ఎత్తి పట్టుకుని ఉంది. రెండూ కనిపిస్తున్నాయి. రెడ్డెమ్మ నా తల దగ్గర ఉంది. ఒక చెయ్యి నా నుదుటి మీద, ఇంకొకటి నా భుజం మీద. నా చేతులు సరే, రెండూ పైనే ఉన్నాయి. ఆ ఇద్దరివీ కలిపి నాలుగు చేతులు, నాలుగూ నా కళ్లెదుటే ఉన్నాయి. కింద చెయ్యి మాత్రం ఇంకా అక్కడే ఉంది.

"ముక్కొద్దమ్మా, ఊపిరి వొదులు. మెల్లిగా, మెల్లిగా" అంటోంది మంజుల.

తల ఎంతసేపటికి వచ్చిందో చెప్పలేను. వచ్చిన క్షణాన ఆ చెయ్యి పోయింది. భుజాలు మంజులే అందుకుంది. బాబు వెంటనే ఏడ్చాడు. పరీక్ష చేసి ఒక్క కుట్టు కూడా అక్కర్లేదంది.

సాయంత్రం రెడ్డెమ్మను అడిగాను, సిస్టర్ చెయ్యి వేసిందా అని. "యాడమ్మా, ముట్టుకోనేలేదు. ఈ సిస్టరమ్మ యాల పట్టుకోదా అని నేనే అనుకుంటి" అంది. మా ఆయనకు చెప్పాను. "కుట్లు పడలేదు కదా, ఇంకేం కావాల" అన్నాడు. అంతకు మించి ఆయన నుంచి ఆశించకూడదు.

నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నరాలు సాగినప్పుడు ఏవేవో అనిపిస్తాయి. కింద పరిచిన గుడ్డ మడతపడి ఉంటుంది. డాక్టరమ్మ కూడా దాదాపు అదే చెప్పింది. నేను సరేననుకున్నాను. నెలన్నర వరకు సరేననుకున్నాను.

బాబుకు టీకా వేయించడానికి వెళ్లినప్పుడు మంజుల కనిపించింది. పక్కకు తీసుకెళ్లింది. బాబు కాళ్లు గుడ్డలో సర్దింది. తనే చెప్పింది.

"మీరు అరిసినప్పుడు ఒట్టూ గిట్టూ ఏమీ సూడలేదు మేడం. చెయ్యి సాపినాను. రెండుసార్లు సాపినాను. ఆడ పెట్టేదానికి సోటు లేదు."

చోటు లేకపోవడం ఏమిటన్నాను. బాబు తలేనా అడ్డం అన్నాను.

"తల సంగతి నాకు తెలీదా మేడం. ఇంకో చెయ్యి తగిలింది" అంది. చెప్తూ చెప్తూ ఏడ్చేసింది. తర్వాత ఎవరో పిలిస్తే వెళ్లిపోయింది. ఇప్పుడు వేరే ఊరికి మారింది.

నాకు భ్రమ కలిగిందంటే ఒప్పుకుంటాను. ఆమెకూ అదే చోట, అదే సమయంలో ఎట్లా కలిగిందో నాకు తెలియదు. ఆ గదిలో ఎవరైనా చనిపోయారా అని వాకబు చెయ్యలేదు. చేస్తే ఏదో ఒక కథ దొరుకుతుంది. నాకు కథ అక్కర్లేదు.

కుప్పంలో ఉండే మా చెల్లెలు హేమకు ఇప్పుడు తొమ్మిదో నెల. మొన్న ఫోన్ చేసింది. "అక్కా, నువ్వే చెప్పు. చెయ్యేయమని చెప్పేదా, వొద్దనేదా?" అంది. ఒకప్పుడైతే గంటసేపు పాఠం చెప్పేదాన్ని.

నీ కాన్పు రోజు నన్ను లోపలికి రానివ్వమని డాక్టర్ని అడుగు అన్నాను.

"నువ్వొచ్చి ఏం సేస్తావు?" అని నవ్వింది.

"ఏమీ సెయ్యను. నా చేతులు రెండూ నీకు కనపడేట్టు నిలబడతా" అన్నాను.